బొడేగా అగ్రపు గోతి

అణువిద్యుత్కేంద్రమును నిర్మింపదలచినవారు మొట్టమొదట వెదకునది నీరు. రియాక్టరులో పుట్టిన వేడిమి నీటిని ఆవిరిగా మార్చును. ఆ ఆవిరి చక్రములను త్రిప్పి విద్యుత్తును పుట్టించును. పని తీరిన ఆవిరిని మరల నీరుగా మార్చుటకు చల్లనినీరు ఎడతెగక పారవలెను. అందుచేత ఇట్టి కేంద్రములు పెద్దనదుల యొడ్డుననో, సముద్రతీరముననో వెలయుచుండును. చుట్టుపట్ల జనసమ్మర్దము తక్కువగా ఉండుట రెండవ యక్కర. ఈ రెండును సమకూడిన తావునకు మూడవ పరీక్ష యొకటి మిగిలియుండును. అది నేల పరీక్ష. అమెరికా దేశమున పసిఫిక్ సముద్రపు టొడ్డుననున్న కాలిఫోర్నియా రాష్ట్రములో మొదటి రెండు పరీక్షలలోను నెగ్గిన తావులు అనేకములు ఉండెను. కాని ఆ తీరమునకు పొడవునా నేల చీలియున్నది. 1958 మొదలు 1964 వఱకు ఆ తీరమున బొడేగా అను చిన్న అగ్రముపై నడచిన వివాదమునకు మూలము ఇదియే.

నేలలోని చీలికను భూగర్భశాస్త్రజ్ఞులు భ్రంశమందురు. బీటవారిన ప్రతి రాయియు భ్రంశము కాదు. బీటకు ఇరువైపులనున్న రాతిభాగములు ఒకదానినొకటి ఒరసికొని ప్రక్కకో, పైకో, క్రిందికో జరిగియుండినగాని ఆ పేరు చెల్లదు. కాలిఫోర్నియాలోని మహాభ్రంశమునకు 1895లో ఆండ్రూ లాసన్ అను ఆచార్యుడు శాన్ ఆండ్రియాస్ అని పేరిడెను. దానికి పడమటనున్న నేల వాయవ్యదిశగా కదలుచున్నది. ఈ ప్రాంతమున ఇరుప్రక్కల భూఖండముల నడుమ కలుగు మొత్తము కదలిక ఏటికి సుమారు 2 అంగుళములు. అయితే ఆ కదలిక ఏడాది కేడాది సాఫీగా జరుగదు. వెదురుబద్దను రెండుచేతులతో పట్టి వంచినచో అది కొంతవఱకు ఓర్చికొని, ఓర్వజాలని క్షణమున ఫెళ్లున విఱుగును గదా. రాయియు అట్లే నూరేండ్లో, అంతకు పైననో బిగబట్టి, ఒక్కమాఱుగా వదలును. అదియే భూకంపము. 1906 ఏప్రిల్ 18వ తేదీ వేకువజామున 5 గంటల 12 నిమిషములకు ఆ భ్రంశము సుమారు 300 మైళ్ల పొడవున తెగెను. శాన్ ఫ్రాన్సిస్కో నగరము కూలి, కాలి, 3000 మందికి పైగా మరణించిరి. నగరమునకు వాయవ్యమున టొమాలెస్ అఖాతము కొసన ఒక బాట సుమారు 20 అడుగులు ప్రక్కకు జరిగిపోయెను. కంచెలు మధ్యకు తెగి, రెండు ముక్కలును రెండు చోట్ల నిలిచెను. లాసన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఈ తెగుడును గజము గజము కొలిచి 1908లో బృహద్గ్రంథమును వెలువరించెను. వంగి విఱుగు బద్ద సిద్ధాంతమును శాస్త్రరీతిని 1910లో ప్రతిపాదించిన హారీ ఫీల్డింగ్ రీడ్ ఈ సంఘములోనివాడే.

ఆ తెగిన గీత టొమాలెస్ అఖాతమును దాటి మఱికొంత ఉత్తరమునకు సాగి బొడేగా రేవులో ప్రవేశించును. రేవునకు పడమట, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన రాతికొమ్మే బొడేగా అగ్రము. శాన్ ఫ్రాన్సిస్కోకు వాయవ్యముగా సుమారు 50 మైళ్ల దూరమున ఉన్నది. 1775లో ఆ తీరమునకు ఓడ నడపివచ్చిన స్పెయిన్ నావికుడు బొడేగా పేరే దానికి నిలిచెను. అంతకు ఎంతో పూర్వము నుండి మివొక్ తెగవారు అచ్చట నివసించుచుండిరి. 1950ల నాటికి రేవులో సాల్మన్ చేపలను, పీతలను పట్టు జాలరులును, వెనుకనున్న గుట్టలపై పాడిపశువులను మేపుకొను రైతులును ఉండిరి. అగ్రము నల్లరాతి జాతికి చెందిన గట్టిరాయి. దాని తూర్పుప్రక్కనున్న రాయి వేఱు జాతిది. ఒకే ఊరిలో రెండు జాతుల రాళ్లు ఎట్లు కలిసినవన్న ప్రశ్నకు జవాబు, వాటిని కలిపినది భ్రంశమే అనుట. పడమటి రాయి దక్షిణమున ఎన్నో మైళ్ల దూరము నుండి జరిగి జరిగి వచ్చి అచ్చట చేరినది.

పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అను విద్యుత్ కంపెనీ 1958లో ఈ అగ్రముపై విద్యుత్కేంద్రమును కట్టుదుమని తెలిపెను. అది అణుకేంద్రమని బహిరంగముగా చెప్పినది మాత్రము 1961లో. 3,25,000 కిలోవాట్ల శక్తి గల ఆ రియాక్టరు నాటి ప్రమాణములనుబట్టి పెద్దది. కంపెనీవారు మోసగాండ్రని గాని, మూర్ఖులని గాని తలంచుట న్యాయము కాదు. భూఖండములు కదలునన్న సిద్ధాంతమును శాస్త్రలోకము అప్పటికింకను అంగీకరింపలేదు; అది స్థిరపడినది 1960ల చివరిభాగమున. గట్టిరాతిపై దృఢముగా కట్టిన కట్టడము ఎంతటి కుదుపునైనను ఓర్చుకొనునని ఇంజనీర్లు నమ్మిరి. ఆ నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. 1906లో మెత్తనిమట్టిపై కట్టిన యిండ్లు కూలినంతగా రాతిపై కట్టినవి కూలలేదు. వారు ఎదుర్కొనదలచినది కుదుపును. నేల కుదుపుట వేఱు, నేల చీలుట వేఱు. కుదుపునకు గోడను బలపఱుపవచ్చును. పునాది నడుమగుండా నేల రెండుగా జరిగినచో గోడబలము ఏమి చేయగలదు? వివాదమంతయు తుదకు ఈ ప్రశ్న యొద్దకే వచ్చెను. అయితే వచ్చుటకు అయిదేండ్లు పట్టెను.

మొదట ఎదురుతిరిగినవారికి ఈ ప్రశ్నయే తట్టలేదు. రోజ్ గాఫ్నీ అను వృద్ధురాలికి అగ్రముపై మేతభూమి ఉండెను. ఆమె అమ్మననెను. కంపెనీ న్యాయస్థానముల ద్వారా భూమిని స్వాధీనపఱచుకొనెను. జోయెల్ హెడ్గ్‌పెత్ అను సముద్రజీవశాస్త్రజ్ఞుడు అగ్రపు టొడ్డుననున్న జలచరముల గతి ఏమగునని అడిగెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు సముద్రజీవ పరిశోధనాలయమునకై ఆ తావునే కోరియుండియు, కంపెనీ పేరు వినబడగానే వెనుకకు తగ్గిరి. జాలరులు తమ రేవును గూర్చియు, పాడిరైతులు తమ పాలను గూర్చియు ఆందోళనపడిరి. ఆకాశములో అణుబాంబులను పేల్చి పరీక్షించుచుండిన కాలమది. స్ట్రాన్షియము, అయొడిను అను ధాతువుల రేణువులు గడ్డిపై పడి, పశువుల పొట్టలో చేరి, పాల ద్వారా పిల్లల యెముకలలోను, గొంతుగ్రంథులలోను నిలుచునని పత్రికలు వ్రాయుచుండెను. కావున పాడిరైతుల భయము గాలిలోనుండి పుట్టినది కాదు.

1962 మార్చిలో కార్ల్ కోర్టమ్ అను ఆయన శాన్ ఫ్రాన్సిస్కో క్రానికిల్ పత్రికకు ఒక లేఖ వ్రాసెను. ఆయన ఆ నగరమున పాతయోడల ప్రదర్శనశాలకు అధిపతి. ప్రజలు తమ అభిప్రాయములను రాష్ట్ర ప్రజోపయోగ సంఘమునకు తెలుపవలెనని అందులో కోరెను. వేలకొలది ఉత్తరములు వచ్చిపడెను. ముగిసినదనుకొన్న విచారణను సంఘమువారు మరల తెఱవవలసివచ్చెను. ఒక పత్రికాలేఖ అధికారుల గడియను తీయించుట చరిత్రలో అరుదైన విషయము. అయినను విచారణ ఫలితము కంపెనీకే అనుకూలించెను. 1962 నవంబరులో రాష్ట్రసంఘము తాత్కాలికానుమతి నిచ్చెను. రియాక్టరు క్షేమమును నిర్ణయించునది అమెరికా కేంద్రప్రభుత్వపు అణుశక్తిసంఘమే కాని రాష్ట్రము కాదు. ఆ సంఘము అనుమతి ఇంకను రాకమునుపే కంపెనీ పునాదిగోతిని త్రవ్వ నారంభించెను.

ఈ ఘట్టమున డేవిడ్ పెసొనెన్ అను యువకుడు రంగమున నిలిచెను. అరణ్యశాస్త్రము చదివినవాడు, సియెరా క్లబ్ అను ప్రకృతిరక్షణ సంస్థలో పనిచేయుచుండెను. సంస్థ పెద్దలు ఈ పోరాటమును తీరసౌందర్యము పేరనే నడుపదలచిరి. రియాక్టరు క్షేమమును గూర్చి ప్రశ్నించుట నిపుణుల పనియనియు, తమ వంటివారికి తగదనియు వారి భావము. పెసొనెన్ ఇందుకు సమ్మతింపక బయటకు వచ్చి, వేఱొక సంఘమును నెలకొల్పి, చేరువ పట్టణపు వారపత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసెను. సౌందర్యమును నమ్ముకొన్న పెద్దలకంటె ఈ యువకుడు కంపెనీ బలహీనతను సరిగా కనిపెట్టెనని ఒప్పుకొనక తప్పదు. రేవు అందముగా ఉన్నదన్న వాదమునకు, విద్యుత్తు కావలెనన్న వాదము ఎప్పుడును సిద్ధమైన సమాధానమే. పునాది క్రింద నేల జరుగునా, జరుగదా అను ప్రశ్నకు మాత్రము ఎవరైనను త్రవ్విచూచి చెప్పవలసినదే.

జనమునకు విషయము నెక్కించుటకు పెసొనెన్ బృందమువారు చేసిన పనులలో ఒకటి నేటికిని చెప్పుకొనుచుందురు. 1963 మే మాసపు చివర, అమరవీరుల స్మారకదినమున, అగ్రముపై నుండి 1500 గాలిబుడగలను వదలిరి. ప్రతి బుడగకును ఒక చీటీ కట్టబడెను. ఈ బుడగ కేంద్రము నుండి వెలువడిన విషరేణువే యైనచో మీ యింటికి చేరియుండెడిది అని ఆ చీటీల సారాంశము. బుడగలు గాలివాటున లోతట్టు పాడిపల్లెలమీదుగా సాగిపోయెను. ఆ సభలలో వాద్యము వాయించిన లూ వాటర్స్ పూర్వము జాజ్ సంగీతమున పేరుమోసినవాడు. వాద్యమును కట్టిపెట్టి భూగర్భశాస్త్రమును అభ్యసించుచుండిన ఆయన బొడేగా కొఱకే మరల బూరను చేతపట్టెను.

అంతలో గోతి లోతైనది. రియాక్టరును నేలలోనికి దించి కట్టవలెనని ఏర్పాటు. అందుకై గుండ్రని పెనుగోతిని సుమారు 70 అడుగుల లోతున త్రవ్విరి. మన పల్లెలలో బావి త్రవ్వించినవారికి తెలియును: పైన ఒండ్రుమట్టి, దాని క్రింద ఇసుక, మొరము, అడుగున చట్టు, ఈ పొరలన్నియు బావిగోడపై చారలు చారలుగా కనబడును. చార ఒకచోట తెగి, రెండవ ముక్క కొంచెము దిగువనో ఎగువనో మరల మొదలైనచో, అచ్చట నేల ఎన్నడో జరిగినదని అర్థము. బొడేగా గోతి గోడయు అటువంటి పుస్తకమే. చదువువారు కావలసివచ్చెను.

పియెర్ సెయింట్ అమాండ్ అను భూకంపశాస్త్రజ్ఞుడు మొదట వచ్చెను. 1960లో చిలీ దేశమున సంభవించిన మహాభూకంపపు ప్రాంతమును స్వయముగా పరిశీలించినవాడు. అగ్రమునంతయు తిరిగిచూచి, ఈ రాయి కంపెనీ వర్ణించినట్లు ఏకశిల కాదనియు, చీలికలతో నలిగినదనియు, ఇచ్చట కేంద్రమును కట్టరాదనియు 1963లో నివేదిక వ్రాసెను. భ్రంశమనగా పటముపై గీచిన సన్నని గీత కాదు. అది కొన్ని ఫర్లాంగుల నుండి మైలు, మైలున్నర వఱకు వెడల్పుగల పట్టీ. ఆ పట్టీలో ఏ చీలికవెంట ఈసారి నేల తెగునో ముందుగా చెప్పుట కష్టము. 1962నాటి అణుశక్తిసంఘపు నిబంధన ప్రకారము కదలికగల భ్రంశమునకు పావుమైలు లోపల రియాక్టరు ఉండరాదు. రియాక్టరు తావునకును శాన్ ఆండ్రియాస్ పట్టీ అంచునకును గల దూరము కూడ సుమారుగా అంతే. అయినపుడు పట్టీ అంచు ఎచ్చటనో ఎవరు నిర్ణయింపవలెను? పావుమైలను కొలుచుటకు గొలుసు ఉన్నది. గొలుసును ఎచ్చట నుండి పట్టవలెనో నిబంధనలో లేదు.

కేంద్రప్రభుత్వమున ఆంతరంగిక వ్యవహారములశాఖకు మంత్రియైన స్టూవర్ట్ యుడాల్ ఈ విషయమున తన సందేహమును అణుశక్తిసంఘమునకు తెలిపెను. అమెరికా భూగర్భపరిశీలన శాఖ ఆయన చేతిక్రిందిదే. ఆ శాఖ నుండి జూలియస్ ష్లాకర్, మాన్యుయెల్ బొనిల్లా అను ఇరువురు శాస్త్రజ్ఞులు గోతిని పరిశీలించిరి. 1963లో వారికి గోతిగోడలో ఒక భ్రంశము కనబడెను. అది గోతిని అడ్డముగా దాటుచుండెను. క్రిందనున్న చట్టురాతితో ఆగక, పైనున్న మట్టిపొరలను కూడ కొంత జరిపినట్లు గుర్తులుండెను. ఇందులోని మర్మమంతయు ఈ చివరిమాటలో ఉన్నది. రాయి కోట్ల ఏండ్ల నాటిది. అందులోని చీలిక ఎప్పటిదో తెలియదు, బహుశః మృతమైనదే కావచ్చును. పైనున్న మట్టి పదులవేల ఏండ్ల నాటిది మాత్రమే. మట్టి జరిగినదన్నచో, మట్టి పేరుకొన్న తరువాతనే ఆ చీలిక కదలియుండవలెను. అనగా భూమి లెక్కలో అది నిన్నటి మాట. చీలిక చిన్నది, ప్రాచీనము, నిరపాయకరమని కంపెనీ పక్షపు నిపుణులు వాదించిరి. ఆ చీలిక మరల జరుగజాలదని చెప్పుటకు ఆధారము లేదని ప్రభుత్వశాస్త్రజ్ఞులు నిలిచిరి. ఇరుపక్షములు చూచినది ఒకే గోడను.

కంపెనీ ఇంజనీర్లు కొంత దిగివచ్చిరి. నేల జరుగదనుట మాని, జరిగినను నిలుచునట్లు కట్టుదుమనిరి. రియాక్టరు కట్టడమును రాతికి బిగింపక, చుట్టును మెత్తనిపదార్థపు పొరను అమర్చి, క్రింది నేల రెండుమూడడుగులు జరిగినను కట్టడము చెక్కుచెదరక ఉండునట్లు నూతన పద్ధతిని రచించిరి. బుద్ధిచాతుర్యముగల యుపాయమే. లోకములో అంతకుముందు ఎవరును ఆ పరిమాణమున ప్రయత్నింపనిది కూడ. ఇంతలో 1964 మార్చి 27వ తేదీన అలాస్కాలో 9.2 పరిమాణముగల భూకంపము వచ్చి, పట్టణముల క్రింద నేలయే జారిపోయెను. తీరమున కొన్ని తావులు ముప్పదియడుగులకు మించి పైకి లేచెను. రెండుమూడడుగుల లెక్క ఏమగునోయను శంకకు బలము చేకూరెను.

1964 అక్టోబరులో అణుశక్తిసంఘము రెండు నివేదికలను ఒకేసారి ప్రకటించెను. రియాక్టరుల క్షేమమును గూర్చి సలహానొసగు నిపుణులసంఘము, కొత్తపద్ధతిని అవలంబించినచో ప్రజలకు అపాయము లేదనెను. అనుమతులనిచ్చు విభాగపు సిబ్బంది, ప్రస్తుతమున్న జ్ఞానమునుబట్టి ఈ తావు తగదనిరి. ఒకే కాగితములు, ఒకే గోతి, ఒకే కార్యాలయము, తీర్పులు రెండు. లోకము దీనిని వింతగా చెప్పుకొన్నను, పరిశీలించిచూచినచో వారి భేదము భూగర్భశాస్త్రమును గూర్చినది కాదు. భ్రంశమున్నదని ఇరువురును ఒప్పుకొనిరి. పరీక్షింపని ఉపాయముపై ఎంత బరువు పెట్టవచ్చునన్నదే భేదము. సిబ్బంది పక్షమే మేలైనదని తోచును. నిపుణులసంఘపు మాట నిజమైనదో కాదో తెలియుటకు మహాభూకంపము రావలెను; అది నిజము కాదని తేలినచో ఆ తేల్పునకు మూల్యము చెల్లించువారు జాలరులు, రైతులు.

1964 అక్టోబరు 30వ తేదీన కంపెనీ అధ్యక్షుడు రాబర్ట్ గెర్డెస్ తమ దరఖాస్తును ఉపసంహరించుకొనుచున్నట్లు ప్రకటించెను. క్షేమము విషయమున సహేతుకమైన సందేహము ఉన్నచోట కట్టుట తమ కిష్టము లేదని ఆయన మాటల భావము. వాదము వీడి మర్యాదగా తప్పుకొనుట కూడ కొంత ఘనతయే. గోతి నీటితో నిండి కొలనైనది. ఆంగ్లమున అగ్రమును ‘హెడ్’ అందురు. ఆ మాటకు తలయనియు అర్థము. కావున ఆ ప్రాంతీయులు గోతిని ‘తలలోని తూటు’ అని పరిహాసముగా పిలుతురు. నేడది రాష్ట్రపు ఉద్యానవనములోని భాగము. విశ్వవిద్యాలయమువారి సముద్రజీవ పరిశోధనాలయమును 1960లలోనే ఆ అగ్రముపై వెలసెను.

బొడేగా తరువాత లాస్ ఏంజెలెస్ నగరమువారు మాలిబు తీరమున కట్టదలచిన రియాక్టరునకును ఇదే చిక్కు వచ్చెను. నేల జరిగినను నిలుచునట్లు కట్టవలసినదేయని 1966లో విచారణమండలి నిర్ణయింపగా, 1967లో అణుశక్తిసంఘము దానిని స్థిరపఱచెను; ఆ కేంద్రము కట్టబడనేలేదు. పావుమైలు నిబంధన చాలదని అందఱకును తెలిసెను. 1973లో వచ్చిన నిబంధనలు దూరమునకు మాఱుగా కాలమును ప్రమాణముగా గైకొనెను. గడచిన 35,000 ఏండ్లలో ఒక్కమాఱైనను, లేక 5,00,000 ఏండ్లలో పలుమాఱులు నేలమీదివఱకు కదలిన భ్రంశమును ‘కదలగల భ్రంశము’గా ఎంచవలెనని అవి శాసించెను. మనిషి జ్ఞాపకము తాతముత్తాతలతో ఆగును. వ్రాసిన చరిత్ర కొన్నివేల ఏండ్లతో ఆగును. కావుననే కందకములు త్రవ్వి, పొరలలోని బొగ్గుతునకల వయస్సు కట్టి, పూర్వము సముద్రపుటలలు చెక్కిన తీరపుమెట్లు వంగినవో, సమముగా ఉన్నవో కొలిచి చూతురు.

మన దేశమునకును ఈ శాస్త్రము పరాయిది కాదు. దక్కను పీఠభూమి కదలని నేలయని చిరకాలము చెప్పుకొనిరి. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమున 5.4 పరిమాణముగల భూకంపము వచ్చెను. అదే సంవత్సరము డిసెంబరు 11వ తేదీన మహారాష్ట్రమున కొయనా ఆనకట్ట చెంత పెద్దభూకంపము వచ్చి ఇంచుమించు 200 మందిని బలిగొనెను. 1969 ఏప్రిల్ 13వ తేదీన గోదావరి లోయలో భద్రాచలము ప్రాంతము కదలెను. భారతదేశపు అణుశక్తి నియంత్రణమండలి నియమావళి ప్రకారము కదలగల భ్రంశమునకు 5 కిలోమీటర్ల లోపలి తావు అణుకేంద్రమునకు పనికిరాదు. శ్రీకాకుళము జిల్లాలో సముద్రపుటొడ్డునగల కొవ్వాడకు అణువిద్యుత్కేంద్రము ప్రతిపాదింపబడియున్నందున, ఈ నియమము తెలుగువారికి ఎచ్చటిదో దూరపుమాట కాదు.

బొడేగాను వదలిన కంపెనీ దక్షిణముగా వెదకి, నిపోమో ఇసుకదిబ్బల కడ కొంత తావును ఎంచెను. ఆ దిబ్బలను కాపాడదలచిన సియెరా క్లబ్, వాటికి బదులుగా డయబ్లో కాన్యన్ అను కొండవాగు ముఖమున కట్టుటకు 1966లో సమ్మతించెను. సంస్థ ఈ విషయముపై రెండుగా చీలెను. ఈసారి కంపెనీవారు బొడేగా పాఠమును మఱచిపోలేదు. కట్టకమునుపే కందకములు త్రవ్వించిరి. రాతిలో చిన్నచీలికలు కనబడెను గాని, వాటిపైనున్న సుమారు లక్ష ఏండ్లనాటి తీరపుమెట్లు చెదరలేదు. కావున ఆ చీలికలు నిద్రించుచున్నవని తేలెను. 1968లో మొదటి రియాక్టరునకు అనుమతి లభించెను. నేలమీద చేయవలసిన పరీక్ష నిజముగానే బాగుగా జరిగినది. సముద్రము అడుగున మాత్రము అంత శ్రద్ధగా చూడలేదు.

చూచినవారు వేఱొక పనిమీద వచ్చినవారు. నూనె కొఱకు తీరజలములను శోధించిన షెల్ కంపెనీ భూగర్భశాస్త్రజ్ఞులు హాస్కిన్స్, గ్రిఫిత్స్ అను ఇరువురు 1971లో ప్రకటించిన వ్యాసములో, కేంద్రమునకు సుమారు 3 మైళ్ల దూరమున సముద్రము క్రింద సాగు ఒక పొడవైన భ్రంశమును వివరించిరి. వారి పేర్లలోని మొదటి అక్షరములను కలిపి దానికి హాస్‌గ్రి అని పేరు వచ్చెను. అప్పటికి కట్టడము చాలవఱకు లేచినది. ఆ భ్రంశముపై 7.5 పరిమాణముగల భూకంపము రావచ్చునని ప్రభుత్వ భూగర్భశాఖ అంచనా వేసెను. మొదట కేంద్రమును, గురుత్వాకర్షణ త్వరణములో నూటికి 40 పాళ్ల త్వరణముతో నేల విసరినను నిలుచునట్లు రచించిరి. ఇప్పుడు 75 పాళ్లకు తట్టుకొనునట్లు తిరిగి బలపఱుపవలసివచ్చెను. బొడేగాలో గోతి మాత్రమే పోయినది. డయబ్లోలో పోవలసినది నిలిచిన కట్టడము. ఇట్టిచోట నేలను గూర్చిన ప్రశ్న ధనమును గూర్చిన ప్రశ్నగా మాఱుట సహజము. కట్టిన యింటి యజమానుడు తన నేల మంచిదేయని నమ్మదలచును. ఆ నమ్మకమునకు తగిన లెక్కలు వెదకును.

బలపఱచు పనిలోను లోపము దొరలెను. 1981 సెప్టెంబరులో వేలమంది నిరసనకారులు ద్వారమున గుమిగూడి, సుమారు 1900 మంది నిర్బంధింపబడిరి. ఆ నెలలోనే కంపెనీకి చెందిన యువ ఇంజనీరు ఒకడు, గొట్టములకు భూకంపపుటాధారములను అమర్చు పటములలో ఒక రియాక్టరునకు వేఱొక రియాక్టరు పటమును వాడినట్లు కనిపెట్టెను. జంట రియాక్టరులు అద్దములో ప్రతిబింబమువలె ఎదురెదురుగా ఉండుటచేత కుడియెడమలు తాఱుమాఱైనవి. ఇచ్చిన అనుమతిని నవంబరులో నిలిపివేసిరి. లెక్కలన్నియు మరల చూచి, మొదటి రియాక్టరు 1985లోను, రెండవది 1986లోను విద్యుత్తు నమ్మకమును ఆరంభించెను. ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లు మించి 500 కోట్ల డాలర్లను దాటెను. అది అంతయు భ్రంశము వలననే అనరాదు గాని, పెద్దభాగమునకు కారణము అదియే. ఇదే కంపెనీకి ఉత్తరమున హంబోల్ట్ అఖాతము చెంత 1963 నుండి నడచిన చిన్న అణుకేంద్రము, 1976లో ఇంధనము మార్చుటకై ఆపబడి, సమీపభ్రంశముల సమస్య తేలక మరల తెఱవబడలేదు.

డయబ్లో కేంద్రము నేటివఱకు భూకంపమువలన చెడలేదనియు చెప్పవలెను. 2003 డిసెంబరు 22వ తేదీన ఉత్తరమున శాన్ సిమియన్ చెంత 6.5 పరిమాణముగల భూకంపము వచ్చినపుడు రియాక్టరులకు హాని కలుగలేదు. 2008లో భూగర్భశాఖకు చెందిన జీన్ హార్డ్‌బెక్ అను శాస్త్రజ్ఞురాలు, మనుష్యులకు తెలియనంతటి చిన్నచిన్న కంపనముల స్థానములను పటముపై గుర్తించుచుండగా, ఆ చుక్కలు ఒక వరుసగా నిలిచెను. ఆ వరుస మఱియొక భ్రంశము. హాస్‌గ్రి మూడు మైళ్ల దూరమున ఉండగా, షోర్‌లైన్ అని పేరొందిన ఈ కొత్తది రియాక్టరులకు అరమైలు లోపలనే సముద్రగర్భమున సాగుచున్నది. హాస్‌గ్రికై కట్టిన బలము దీనికిని చాలునని కంపెనీయు, నియంత్రణసంఘమును నిర్ణయించిరి. చాలదను శాస్త్రజ్ఞులును లేకపోలేదు. రెండు రియాక్టరులను 2024, 2025 సంవత్సరములలో మూసివేయుటకు 2016లో కంపెనీ అంగీకరించెను. రాష్ట్రపు విద్యుత్తులో నూటికి సుమారు 8, 9 పాళ్లు ఈ ఒక్క కేంద్రము నుండి వచ్చుచున్నందున, కొఱతకు వెఱచి శాసనసభవారు 2022లో ఆ గడువును 2030 వఱకు పొడిగించు శాసనమును చేసిరి.